పంతొమ్మిది అంగుళాల మర్యాద

చూపువారం, మొదటి రోజు

మా ఇంట్లో నా మీద ఒక మాట స్థిరపడిపోయింది. "దానికి పని చెయ్యడం ఇష్టం లేదు, పని చేసేవాళ్ళని చూడ్డం ఇష్టం" అని. అన్నది మా అన్నయ్య కామేశు. అమ్మ నవ్వి, వాడి కంచంలో మజ్జిగ పోసింది. నాలుగు చూపువారాలకి వెళ్ళి నాలుగు ఉద్యోగాలూ వద్దని వచ్చాను కాబట్టి నాకు పొగరు, చదువు తలకెక్కింది, వంకలు పెట్టే జబ్బు. చేపలెండబెట్టే ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళంచెవి మేనేజరు జేబులో ఉంటుందన్న సంగతి వాళ్ళకి పట్టదు. తాగునీటి కేంద్రంలో పెద్దసారు నవ్వితే పదకొండుమంది ఒకేసారి నవ్వి ఒకేసారి ఆపేస్తారన్నది అసలు విషయంగానే తోచదు.

నేను వంకలు వెతకను. చూస్తాను. యంత్రం చెప్పిన అంకె చెల్లదని చట్టం వచ్చాక, మనిషి కళ్ళతో చూసి చేత్తో రాసినదానికే విలువ. ఆ చూపు నేర్పే కొలతల కాలేజీలో మూడేళ్ళు చదివాను. ఇంట్లో మాత్రం చూడ్డం అంటే ఖాళీగా కూర్చోవడమే.

జూనియర్లూ, ఈ పుస్తకం మీకోసం. ఉద్యోగంలో చేరేముందు పనిచోట చూపువారం, అంటే ఏడు రోజులు, గడిపి, ఉన్నదున్నట్టు రాసి, కాలేజీ గదిలో పెట్టడం మన పద్ధతి. ఇది నా అయిదో పుస్తకం. పెద్దకట్ట కొలతల ఆఫీసు.

కట్టకి అటు సముద్రం, ఇటు పల్లంపేట. పేటలో అరవైవేలమంది ఉంటారు, మా అమ్మా అన్నయ్యా కూడా. సముద్రం మా డాబాకంటే ఎత్తున ఉంటుంది. పుట్టినప్పటినుంచీ అంతే కాబట్టి ఎవరూ తలెత్తి చూడరు. కట్టలోంచి ఊరే నీళ్ళు లోపలున్న ఊటబావిలో చేరతాయి. రోజుకి నాలుగుసార్లు దిగి, నీళ్ళెంత ఎత్తున్నాయో చూసి పుస్తకంలో రాయాలి. ముప్పయ్యారు అంగుళాలు దాటితే, ఆ అంకె రాసినవాళ్ళే సైరన్ తాడు లాగాలి. అప్పుడు పేటంతా ఖాళీ చేసి గుట్టల మీదకి పోతుంది. పని అంతే.

పడవబస్సు దిగేసరికి ఆఫీసు పెద్ద పేరూరి వీర్రాజుగారు స్వయంగా గుమ్మంలోకి వచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్లటి చొక్కా, చేతికర్ర.

"రండి సువర్చలమ్మగారూ. ముందు టిఫిను చెయ్యండి."

"ముందు బావి చూస్తానండి."

"చూద్దురుగాని. కట్ట ఎక్కడికీ పోదు కదండీ."

పెసరట్టు బాగుంది. చాలా బాగుంది.

రెండో రోజు

పనిచోటు మంచిదో కాదో తెలుసుకోవడానికి నాకు కొన్ని గుర్తులున్నాయి. పెద్దాయన గది దాటి వెళ్ళాక మిగతావాళ్ళ భుజాలు కిందికి దిగుతాయా? ఊడ్చేమనిషిని ఏమని పిలుస్తారు? తప్పు జరిగితే మొదటి మాట "ఎవరు" అని వస్తుందా, "ఎలా" అని వస్తుందా?

ఇక్కడ మొదటి రెండు పరీక్షలూ నెగ్గారు. వీర్రాజుగారు వెళ్ళినా ఎవరి భుజాలూ మారలేదు. ఊడ్చే ముసలమ్మని "పిన్నిగారూ" అంటున్నారు. ఎవరూ గొంతు పెంచరు. పెద్దాయన తర్వాత మంగతాయారు, తర్వాత గంగరాజు, అందరికంటే చిన్న సత్తిపండు. నలుగురూ మెట్రిక్ తర్వాత నేరుగా ఇక్కడ చేరినవాళ్ళే. ఎవరేం చెప్పినా ఎదుటివాళ్ళు "ఆయ్" అంటారు. ఆ "ఆయ్"లో ఎంత మెత్తదనముందంటే, పొద్దున్నుంచీ వింటే నిద్ర వస్తుంది.

మూడో పరీక్ష పెట్టడానికి కుదరలేదు. ఇక్కడ తప్పులు జరగవట.

పొద్దున పుస్తకాన్ని కుంపటి సెగకి పెట్టి ఆరబెట్టడం మంగతాయారు పని. కట్ట మీద గాలికి కాగితం రాత్రికల్లా చెమ్మగిల్లుతుంది. నేను పేజీలు తిప్పి సాయం చేశాను. నిన్న నాలుగు గళ్ళలోనూ పంతొమ్మిది. మొన్నా పంతొమ్మిది. పధ్నాలుగు నెలలు వెనక్కి తిప్పాను. మధ్యలో ఒక్క గడిలో ఇరవై రెండు ఉంది, దాని ముందూ వెనకా పంతొమ్మిదే. ఆ పధ్నాలుగు నెలలకి ముందు ఇరవై, ఇంకా ముందు ఇరవై ఒకటి.

"అమావాస్య పోటుకి కూడా పంతొమ్మిదేనా అండీ?" అన్నాను.

"మన కట్ట గట్టిదమ్మా" అంది మంగతాయారు. పేజీ కాలిపోతుందేమోనని పుస్తకం నా చేతుల్లోంచి తీసుకుంది.

ఇంకోటి చూశాను. మెట్లదారి మొదట్లో నాలుగు జతల రబ్బరు చెప్పులుంటాయి, బావిలోకి దిగేటప్పుడు వేసుకోవడానికి. మూడు జతలకి ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిపడింది. నాలుగో జత కొత్తదిలా ఉంది. అడుగున "వీర్రాజు" అని సిరాతో రాసి ఉంది, ఆ సిరా కూడా చెరగలేదు.

మూడో రోజు

చూపుకి వచ్చినవాళ్ళు అడిగిన చోటికి తీసుకెళ్ళి తీరాలన్న చట్టం గుర్తుచేస్తే ఇవాళ మంగతాయారు వెంటబెట్టుకుని దిగింది. నూటఎనభై మెట్లు. గోడల మీద తడి. సముద్రం హోరు చెవులకి కాదు, అరికాళ్ళకి వినిపిస్తుంది.

"మా అమ్మమ్మ ఇల్లు అటుపక్కేనమ్మా" అంది గోడని తట్టి. "నీళ్ళలో. ఇప్పుడు మా బావగారు ఆ మేడ కిటికీల్లో వలేస్తారు. మంచి పీతలు పడతాయి."

బావిలో నల్లరాతి కొలబద్ద. గీతల్లో సున్నం నింపారు. దీపం దించి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. మళ్ళీ చూశాను. ఇరవయ్యారు.

మంగతాయారూ చూసింది. ఆవిడ పెదవులు కదిలాయి, ఇరవై దాటి లెక్కపెట్టడం నాకు తెలిసింది. పైకొచ్చి, చెయ్యి తుడుచుకుని, గడిలో పంతొమ్మిది అని గుండ్రంగా రాసి సంతకం పెట్టింది.

"ఇరవయ్యారు కదండీ."

"దీపం వాలుగా ఉంటే అలాగే కనిపిస్తాదమ్మా."

"నిటారుగానే పట్టుకున్నాను."

ఆవిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "చూడమ్మా, పొద్దున్న ఆరింటికి పెద్దాయన పంతొమ్మిది రాసేరు. పదింటికి నేనెళ్ళి ఇరవయ్యారు రాస్తే ఏమైనట్టు? ఆయన కళ్ళు పోయినట్టా, ఆయన పని చెయ్యట్లేదన్నట్టా? పెద్దవాళ్ళు రాసిన దానికంటే ఎక్కువ అంకె చిన్నవాళ్ళు రాయకూడదు. తక్కువైతే రాయొచ్చు, అది శుభం. ఇది రూలు కాదు, ఎవరూ చెప్పలేదు. మర్యాద. ఇరవయ్యేళ్ళు ఒక చోట పని చేస్తే నీకూ తెలుస్తుంది."

"ఆయన దిగి చూశారా?"

"ఆయన దిగక్కర్లేదమ్మా. మోకాళ్ళు. సాయంత్రం ఆఖరి గడిలో సత్తిపండు ఎంత రాస్తే అది చూసి రాస్తారు. ఆయన పిల్లల్లాంటివాళ్ళం కదా మేము, మా మీద అంత నమ్మకం."

ఇది రెండుసార్లు చదవండి జూనియర్లూ. పెద్దాయన చిన్నవాళ్ళ అంకె చూసి రాస్తారు. చిన్నవాళ్ళు పెద్దాయన అంకె చూసి రాస్తారు. బావి ఆ చుట్టులో ఎక్కడా లేదు.

మధ్యాహ్నం గుత్తివంకాయ. నా కంచంలో రెండు ఎక్కువ వేశారు.

నాలుగో రోజు

గంగరాజుతో దిగాను. ఇరవై ఎనిమిది. ఆయన రాసింది పంతొమ్మిది.

ఆ ఇరవై రెండు గడి కింద సంతకం సత్తిపండుది. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, నవ్వుముఖం, ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూ ఉంటాడు. మెట్ల కమ్మీల మీద ఉప్పు గీకుతుంటే నేనూ ఒక రేకుముక్క తీసుకుని పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు ఏం జరిగింది సత్తిపండుగారూ? తిట్టారా?"

"అబ్బే. తిట్టడమేంటండీ." చాలాసేపు గీకాడు. "మర్నాడు అందరూ మా ఇంటికొచ్చేరండి. పూతరేకులు తెచ్చేరు. పెద్దాయన మా అమ్మగారితో, 'కుర్రాడు బాగా అలిసిపోయాడమ్మా, కళ్ళు చెదిరేయి, నెల్రోజులు రెస్టు తీసుకోనివ్వండి' అన్నారండి. నాకు శాలువా కప్పేరు. మా వీధంతా చూసింది. మా ఆవిడ, 'మీకు కళ్ళు కనిపించట్లేదా' అని మూడు డాక్టర్ల దగ్గరికి తిప్పింది. నెలాగి వచ్చేసరికి నా కుర్చీలో కొత్త మెత్త కుట్టించి పెట్టేరండి."

"మీ కళ్ళకి ఏమైనా ఉందా?"

"లేదండి."

"మరి?"

"అంత మంచిగా చూసుకున్నాక మళ్ళీ ఎలా రాస్తామండీ." రేకుముక్క నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకున్నాడు. "మీ చేతులు కోసుకుపోతాయండి, ఇచ్చెయ్యండి."

అరిచే ఆఫీసులు చూశాను. అరిస్తే మనిషికి తన పక్షాన తను నిలబడే వీలుంటుంది, కనీసం కోపమన్నా వస్తుంది. ఇక్కడ కోపం రాదు. శాలువా వస్తుంది.

అయిదో రోజు

ముప్పయ్యొకటి.

పేట పురపాలక కార్యాలయానికి ఫోను చేశాను. ఒకావిడ ఓపిగ్గా విని, "పుస్తకంలో పంతొమ్మిది ఉందమ్మా, నకలు నా ముందే ఉంది. మీరు అక్కడ ఏం చేస్తారు?" అంది.

"చూపుకి వచ్చానండి."

"అంటే ఇంకా చేరలేదు."

"లేదు."

"చేరనివాళ్ళు చెప్పింది రాసుకోవడానికి నా దగ్గర గడి లేదమ్మా. ఉద్యోగం రాదేమోనని బెంగపడకండి, పెద్దకట్టవాళ్ళు చాలా మంచివాళ్ళు."

తర్వాత అన్నయ్యకి చేశాను. వాడు నా మాట మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టాడు.

"అయిదోదానికి ఇంకా వంక దొరకలేదేంటా అనుకుంటున్నా. ఈసారి ఏకంగా సముద్రమేనా?"

"కామేశూ, అమ్మని తీసుకుని నాలుగు రోజులు గుట్ట మీద పెద్దమ్మ వాళ్ళింటికి పో. అంతకంటే ఏమీ అడగట్లేదు."

"ఏమని చెప్పి పోవాలే? మా చెల్లికి ఉద్యోగం నచ్చలేదు, అందుకని ఊరు మునిగిపోతోందనా? అమ్మా, ఇదిగో, నీ కూతురు మనల్ని ఇల్లు ఖాళీ చెయ్యమంటోంది."

వెనక అమ్మ గొంతు: "ముందు దాన్ని అన్నం సరిగ్గా తినమను."

ఒక్క సంగతి ఇన్నాళ్ళు చూడలేదు, ఇవాళ చూశాను. ఆఫీసులో పనిచేసే ఒక్కరి కుటుంబమూ పేటలో లేదు. సత్తిపండు కూడా శాలువా కప్పించుకున్న నెలలోనే పైకి మారాడు, అతని అత్తగారొక్కరే పేటలో ఉండిపోయారు. అందరి ఇళ్ళూ కట్ట మీదే, వరసగా, తెల్ల సున్నంతో. పిల్లల గాలిపటాలు ఎగురుతున్నాయి.

ఆరో రోజు

ముప్పయ్యి నాలుగు. రేపు అమావాస్య.

వీర్రాజుగారు నన్ను నడిపించుకుంటూ క్వార్టర్సు వరస చివరికి తీసుకెళ్ళారు. కొత్తగా సున్నం వేసిన ఇల్లు. రెండు గదులు, సముద్రం వైపు కిటికీ, వంటగదిలో అలమరలు.

"ఇది మీకేనండి. రేపు సంతకం పెట్టగానే మీ అమ్మగారినీ అన్నయ్యగారినీ తెచ్చేసుకోండి. నేను నిన్ననే మీ అమ్మగారితో ఫోనులో మాట్లాడేను. ఎంత సంతోషించేరో."

కిటికీ అంచు మీద చెయ్యి పెట్టాను. గట్టి రాయి. నేనేమీ అనకుండా సంతకం పెడితే చాలు. అమ్మా కామేశూ రేపు సాయంత్రానికి ఇక్కడుంటారు. కింద మిగతా అరవైవేలమంది సంగతి నాకు తెలియనట్టే ఉండొచ్చు. కొత్తగా చేరినదాన్ని, అందరికంటే చిన్నదాన్ని. జీవితంలో మొదటిసారి మా ఇంట్లో నన్ను మెచ్చుకుంటారు.

"వీర్రాజుగారూ, ఊట ముప్పయ్యి నాలుగుంది."

ఆయన కోప్పడలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని నావైపు జాలిగా చూశారు. "ఎన్ని రోజులయిందమ్మా నువ్వు సరిగ్గా నిద్రపోయి?"

"మీరు దిగి ఎన్నాళ్ళయింది?"

"పన్నెండేళ్ళు." ఆ అంకె ఆయన గర్వంగా చెప్పారు. "దిగి చూసుకోవాల్సిన అవసరం లేని ఆఫీసు తయారు చేసేను తల్లీ. నేను చేరినప్పుడు ఇక్కడ రోజూ గొడవలే. ఒకడు ఇరవై అంటే ఒకడు ఇరవై మూడు. చొక్కాలు పట్టుకునేవారు. ఒకడి మాట ఒకడు నమ్మేవాడు కాదు. ఇప్పుడు చూడు, నలుగురం ఒక్క మాట మీద ఉన్నాం. మా పిల్లలు నాకు అబద్ధం చెప్తారా?"

"చెప్పరండి. మీరు బాధపడతారని నిజం చెప్పరు."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఆయనకి తెలుసు అని ఆ క్షణం నాకనిపించింది. పూర్తిగా కాదు. చీకటిగదిలో ఎదురుగా బల్ల ఉందని తెలిసినంత మాత్రం. చెయ్యి చాపితే తగులుతుందని చాపకుండా ఉంటారే, అంత మాత్రం.

"నా చెయ్యి పట్టుకోండి, ఇద్దరం దిగుదాం. మధ్యమధ్యలో కూర్చుందాం. ఎంతసేపయినా పరవాలేదు."

"మోకాళ్ళమ్మా" అన్నారు. తర్వాత ఇంటి తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేసి, "రేపు పాయసం చేయిస్తున్నాను" అన్నారు.

ఏడో రోజు, పొద్దున

పదింటికి సత్తిపండుతో దిగాను. మామూలుగా మంగతాయారు గడి అది, ఆవిడ పాయసం పనిలో ఉందని అతను వచ్చాడు. అడుగు మెట్టు కనిపించలేదు, దాని మీద నీళ్ళున్నాయి. దీపం నేనే నిటారుగా పట్టుకున్నాను. ముప్పయ్యెనిమిది. కొలబద్ద మీద నీళ్ళు నిలకడగా లేవు, ఊపిరి పీలుస్తున్నట్టు లేస్తూ దిగుతున్నాయి. దిగినప్పుడు ముప్పయ్యెనిమిది.

"పైకి చదవండి సత్తిపండుగారూ."

కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు మూసుకుని వద్దు, తెరిచే చదవండి. నేనొక్కదాన్నే ఉన్నాను."

"ముప్పయ్యెనిమిదండి" అన్నాడు గోడకి చెప్పినట్టు.

పైకి వచ్చాక అతని వెనకే నిలబడ్డాను. పుస్తకం కుంపటి వేడికి ఇంకా వెచ్చగా ఉంది. ఆరింటి గడిలో వీర్రాజుగారి చక్కటి చేతిరాత, పంతొమ్మిది. సత్తిపండు కలం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడంటే సిరా బొట్టు పుస్తకం మీద పడింది. వంటింట్లోంచి యాలకుల వాసన వస్తోంది, మంగతాయారు ఎవరితోనో నవ్వుతోంది.

"మీ అత్తగారు పేటలోనే కదండీ ఉన్నారు."

"ఆయ్."

"మరి రాయండి."

"నేను రాస్తే నమ్మరండి. ఒకసారి కళ్ళు బాలేదని తేల్చేసేరు కదండీ. మళ్ళీ ఇంటికొస్తారు. మళ్ళీ అందరూ మంచిగా మాట్లాడతారండి. నావల్ల కాదండి."

పంతొమ్మిది రాశాడు. సంతకం పెట్టి, కలం మూత పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

నేను నేరుగా వీర్రాజుగారి గదిలోకి వెళ్ళి చేరతానని చెప్పాను. ఆయన లేచి నిలబడి నా తల మీద చెయ్యి పెట్టారు. కళ్ళు చెమర్చాయి. మంగతాయారుని కేకేసి మా అమ్మకి ఫోను చెయ్యమన్నారు. కొత్తగా చేరినవాళ్ళు సంతకం పెట్టిన గంటలోపు మొదటి కొలత తీసి రాయాలి, అది చట్టం. దానికి ఎవరి వంతూ అడ్డు రాదు. ఆ మాట నేను గుర్తుచేస్తే, "అలాగే తల్లీ, తొందరేముంది, పాయసం తిని దిగు" అన్నారు.

చేరే ముందు చూపు పుస్తకం ముగించాలి కాబట్టి మెట్లదారి మొదట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నియామకం కాగితం మీద నా పేరు రాయడానికి ఆయన మంచి కలం వెతుకుతున్నారు.

జూనియర్లూ, ఈ ఆఫీసు ఎలాంటిదని మీరడిగితే, నేను చూసిన అయిదింటిలోకీ ఇక్కడివాళ్ళే మంచివాళ్ళు. అబద్ధపు అంకె రాసినట్టు తేలితే ఒక్కొక్కరికీ ఏడేళ్ళ జైలు. వీర్రాజుగారు అక్కడినుంచి తిరిగి రాకపోవచ్చు. మంగతాయారు పిల్లలు ఇంకా బళ్ళో ఉన్నారు. సత్తిపండు అత్తగారు పేటలోనే ఉన్నారని ముందే రాశాను. ఆ తెల్ల ఇల్లు మాకు రాదు. అమ్మ ఈపాటికి ఊరగాయ జాడీలు సర్దుతూ ఉంటుంది.

నాలుగో జత చెప్పులు వేసుకున్నాను, మిగతావి నాకు పట్టలేదు.

సంతకం పెట్టి దిగుతాను. నీళ్ళు ఎంత కనిపిస్తే అంత రాస్తాను. తాడు నేనే లాగుతాను.